రోడ్డు వైపు బాక్సు

ధర్మవరం కల్యాణమండపంలో మొదటి పాట ముగియగానే చప్పట్లు మోగాయి. పాడిన నవీద్ మాత్రం ఖాళీ కుర్చీలనే చూస్తున్నాడు. హిందూపురం నుంచి వచ్చిన అతని ఆర్కెస్ట్రా ఐదొందల టికెట్ పెట్టి చేస్తున్న మొదటి కచేరీ ఇది.

ఇన్నేళ్లూ పెనుకొండ వీధుల్లో వాళ్ల పాటలు ఊరికే విన్నవాళ్లు టెంపో మాట్లాడుకొని వచ్చి, ప్రహరీ గోడ బయట నిలబడ్డారు. సౌండు చూసే మాబుసాబ్ పాత అలవాటు కొద్దీ ఒక స్పీకరు బాక్సు రోడ్డు వైపు తిప్పి పెట్టాడు.

"అది ఆపేయి మామా. బయటికి వినపడతాంటే టికెట్ ఎవురు కొంటారు?" అన్నాడు నవీద్.

"వాళ్లు మనోళ్లప్పా."

"మనోళ్లయితే కొనుక్కొని లోపలికి రానీ."

మాబుసాబ్ వైరు పీకేశాడు.

రెండో పాట నవీద్ ప్రాణం పెట్టి పాడాడు. పాట అయిపోయినా హాల్లో చప్పుడు లేదు. కూర్చున్నవాళ్లంతా రెండు చేతులా ఫోన్లు పట్టుకొని వీడియో తీస్తున్నారు. ఇందాకటి చప్పట్లు కిటికీల్లోంచి వచ్చాయని అప్పుడర్థమైంది అతనికి.

"బయటోళ్లు పోయినారా మామా?"

"యాడికీ పోలా. బాక్సు చెడిపోయిందనుకొని, వాళ్లే తలా ఇన్ని దుడ్లు వేసుకొని ఎదురు షాపు మెకానిక్కును పిలుచుకొచ్చినారు. గేటు కాడ ఉండారు. ఏం చెప్పల్ల?"

నవీద్ మళ్లీ కుర్చీల వైపు చూశాడు. వచ్చే వారం పెనుకొండలోనూ టికెట్టే; అక్కడ కొనాల్సింది బయటున్న వీళ్లే.

"చెడిపోయిందనే చెప్పు" అన్నాడు.