పక్క గడిలో ఎంత?

"వాల్వు గబుక్కున మూసేశావు, నీళ్ళు ఎదురుతన్ని పైపు పగిలింది. రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు" అంటూ మేనేజరు లెక్కల గది నుంచి వచ్చిన కాగితాల బొత్తిని పంపుల మేస్త్రి ముందు పడేశాడు.

"నూరు లెక్కపెడుతూ మెల్లగా మూశాను సార్. ఎప్పుడూ అంతే."

"కంప్యూటరు అలా చెప్పటం లేదే! వాల్వు దగ్గర ఒత్తిడి పందొమ్మిదికి ఎక్కిందట, పైపు ఓర్చేది పదిహేనే. నీ అల్లుణ్ణే అడుగు."

బల్లకి అటుపక్క అల్లుడు తల దించుకుని కూర్చున్నాడు. మేస్త్రి కూతురూ అల్లుడూ ఇద్దరూ ఈ ఆఫీసులోనే, పై అంతస్తు లెక్కల గదిలో పనిచేస్తారు. కూతురు ఇవాళ తలనొప్పని రాలేదు.

"చెప్పండి అల్లుడుగారూ, ఏమిటా లెక్క?"

"పైపుని తెర మీద గడులుగా కోస్తాం మావయ్యా. ముందు ఒత్తిడి ఇంతని ఊహిస్తాం. దాన్నిబట్టి నీళ్ళ వేగం లెక్క కడతాం. వచ్చిన నీళ్ళకీ పోయిన నీళ్ళకీ పొంతన కుదరకపోతే ఒత్తిడిని దిద్దుతాం. కుదిరేదాకా దిద్దుతూనే ఉంటాం."

"ఆఖరికి నా మెడకి కుదిరిందన్నమాట. మొన్న నా పక్కనే కూర్చుని తిన్నావు. ఒక్క ముక్క చెప్పావా?"

అల్లుడు బల్ల మీది కంప్యూటరు వైపు తిరిగాడు.

"సరే. నా వాల్వు పక్క గడిలో ఎంత?"

అల్లుడు మేనేజరు వైపు చూసి, కంప్యూటరు తెర ఇటు తిప్పాడు.

"రెండు."

"దాని పక్కన?"

"పందొమ్మిది."

"ఆ పక్కన?"

"రెండు."

"జానెడు జానెడుకీ ఎక్కి దిగటానికి అవి నీళ్ళా, కోతులా? మీటరు ముల్లు పది దాటలేదు సార్. పుస్తకంలో రాసి పెట్టాను."

మేనేజరు కళ్ళజోడు తీశాడు. "ఏమిటయ్యా ఇది?"

"ప్రతి గడీ అటూ ఇటూ ఉన్న గడుల్ని చూసి వేగం కడుతుంది సార్. తనని తాను చూసుకోదు. రెండు పక్కలా ఒకే అంకె ఉంటే అంతా బాగుందనుకుంటుంది. ఒత్తిడిని గడి మధ్యలో, వేగాన్ని గడి గోడ మీద పెట్టి కడితే ఈ తప్పు రాదు. ఇది రెండూ ఒకేచోట పెట్టి కట్టిన లెక్క."

"అంటే ఆ పందొమ్మిది?"

"ఉత్తదే సార్."

మేస్త్రి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "తెలిసీ ఇంతసేపూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా? పిల్లనిచ్చినందుకు బాగా బుద్ధి చెప్పావు!"

"పోనీలే మేస్త్రీ, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. వెళ్ళి పని చూసుకో" అన్నాడు మేనేజరు.

"నేను వెళ్ళను సార్. ఆ లెక్క కింద సంతకం ఎవరు పెట్టారో, ముందు వాళ్ళని పనిలోంచి పంపించండి."

"వద్దు మావయ్యా." అల్లుడు కాగితాల మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎందుకొద్దు? బండారం బయటపడుతుందనా?"

మేస్త్రి ఆ చేతిని తోసేసి చివరి కాగితం తిప్పాడు. 'తప్పు పంపుల మేస్త్రిదే' అని చేత్తో రాసి ఉంది. కింద సంతకంలో ఉన్నవి, ఒకప్పుడు తనే చెయ్యి పట్టుకుని కూతురి చేత పలక మీద దిద్దించిన అక్షరాలు.