గాలి ఆగిన అరగంట

గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది.

పొద్దుటి నుంచి బడి మిద్దెలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్న ఊరంతా ఊపిరి పీల్చుకుంది. "అమ్మయ్య, గండం గడిచింది!" అంది ఎవరో ముసలమ్మ. అంతే, మగవాళ్ళంతా తలుపు మీద పడ్డారు.

తలుపుకు అడ్డంగా, ఆ బడిలో పాఠాలు చెప్పే కృపాదానం అయ్యవారు నిలబడ్డారు.

"ఎవరూ కదలొద్దు. మనం తుఫాను నడిమధ్యలో ఉన్నాం. ఉత్తరం గాలి ఆగింది, ఇక దక్షిణం గాలి లేస్తుంది. నా చిన్నతనంలో ఇట్టాగే ఆగితే, టెంకాయలు ఏరుకునేదానికి పోయినోళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు."

"ఎండ పొడుస్తా ఉంటే ఇంకా గాలేంది అయ్యవారా!" మస్తానయ్య ముందుకు తోసుకొచ్చాడు. "నా బర్రెలు రెండూ కొట్టంలోనే ఉండాయి. భయంలో పలుపులు విప్పకుండా వచ్చేసినా. నీళ్ళొస్తే కట్టుకొయ్యకాడే చస్తాయి. అవి పోతే నా బిడ్డలకు గంజి గూడా లేదు!"

"పోతే పోనీ. నువ్వుంటే చాలు."

"మీకేం! ఎన్నయినా చెప్తారు. పోయేది మీది కాదు గదా!"

అయ్యవారు ఆడవాళ్ళున్న పక్క గదికేసి కేకేశారు.

"పేరమ్మా, అక్కడ ఎంతమంది ఉండారు?"

"నలభై ముగ్గురం అయ్యవారా."

"నలభై నలుగురు ఉండాల. ఇంకోసారి చూడు."

"చూసినా. నలభై ముగ్గురమే!"

ఆయన ముఖం పాలిపోయింది. తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నారు. మస్తానయ్య ఆయన చొక్కా పట్టుకుని గుంజాడు, భుజం మీద గుద్దాడు కూడా. ఆయన కదలలేదు.

అంతలో గాలి లేచింది. దక్షిణం నుంచే. కిటికీ రెక్కలు ఊడి ఎటో పోయాయి. ఎదురింటి కప్పుకు కప్పే లేచి కాలవలో పడింది. పిల్లలు భయంతో ఏడవడం కూడా మర్చిపోయారు. ఒక్క అడుగు బయట పెట్టి ఉంటే! మస్తానయ్య తలుపు వదిలేసి గోడవారన కూర్చున్నాడు.

పొద్దు వాలే వేళకు గాలి తగ్గింది. అయ్యవారు తాళం తీశారు. మస్తానయ్య మోకాటిలోతు నీళ్ళలో పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తాడు. కొట్టం నేల కరుచుకుపోయి ఉంది. బర్రెలు మాత్రం పక్క దిబ్బ మీద నిలబడి ఉన్నాయి. మెడల్లో పలుపుల్లేవు!

వెనకే ఎవరో రొప్పుతూ వచ్చారు. తిరిగి చూస్తే అయ్యవారు. మస్తానయ్య ఆయన కాళ్ళు చుట్టేసుకున్నాడు.

"బతికిపోయినాం అయ్యవారా! ఎవరో పుణ్యాత్ములు ముందే వచ్చి విప్పేసినారు!"

అయ్యవారు కూలిన కొట్టం కప్పు కిందికి చేతులు పోనిచ్చారు.

"పొద్దున వాటిని విప్పొస్తానని పోయిన మా ఇంటామె ఇంకా రాలేదు మస్తానయ్యా, ఈ వాసం ఒక చెయ్యి పట్టు."