తలుపు చాటున

“ఇదిగో బాబూ, దొరికింది,” అంది కళ్లజోడు పెద్దావిడ. “తలుపు చాటున నక్కింది, దొంగపిల్ల.”

గైడు నవ్వబోయి ఆగిపోయాడు. ఆ బొమ్మలో పిల్ల లేదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఆ పిల్లను కల్పించింది అతనే.

ఊరు చూడవచ్చినవాళ్లను గడియారపు స్తంభం దగ్గర పోగుచేసి, పాత బజారు తిప్పి, చివరికి ఈ చిత్రశాలకు తీసుకురావడం అతని పని. బజారు తిప్పడం పొట్టకోసం. ఇక్కడి బొమ్మలంటే మాత్రం అతనికి ప్రాణం. అందులోనూ చివరి గదిలో, అద్దం వెనక ఉన్న ఈ పెద్ద పటం. ఖాళీ ఇల్లు, ఒక కుర్చీ, సగం తెరిచిన తలుపు, దాని వెనక చీకటి. చూడవచ్చినవాళ్లు దాని ముందు అడుగు నెమ్మది చేసేవారు కూడా కాదు. ఎవరూ నిలబడని బొమ్మకు గోడ దండగ, గోదాములో పడేయిస్తానన్నాడు మేనేజరు.

సెలవుల్లో వెంట వచ్చినప్పుడు గైడు కూతురు, పాప, ఈ బొమ్మ ముందు నుంచి కదిలేది కాదు. ఆ తలుపు వెనక దాక్కుంటే నువ్వు జన్మలో పట్టుకోలేవు నాన్నా అనేది. అసలు ఇంట్లోనే పట్టుకోలేకపోయేవాడు. మంచం కింద, బీరువా వెనక వెతికి వెతికి, ఓడిపోయానని ఒప్పుకున్నాకే ఎక్కడినుంచో ఊడిపడి కిలకిలా నవ్వేది. ఎక్కడ దాక్కునేదో వాళ్లమ్మకు తెలుసు. చెప్పొద్దని పాప ఒట్టు వేయించుకుంది. జ్వరంతో పాప పోయాక అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

బొమ్మను ఎలాగైనా గోడ మీదే ఉంచుకోవాలి. అందుకే ఆ అబద్ధం. ఇందులో ఒక పిల్ల దాక్కుని ఉంది, కనిపెట్టండి చూద్దాం అని చెప్పి, ఎవరికీ అడ్డం కాకుండా వెనక్కి వచ్చి గది గుమ్మంలో నిలబడేవాడు. కాసేపు కళ్లప్పగించి చూస్తే చాలు, ఆ తర్వాత బొమ్మే వాళ్లను పట్టుకుంటుందని అతని ఆశ.

పెద్దావిడది చూపు మందగించిన చాదస్తం అనుకున్నాడు. మర్నాడు ఒక కొత్త జంటకు కనిపించింది. తర్వాత ఒక లెక్కల మాస్టారికి. అందరి వేలూ ఆ తలుపు చీకటివైపే. నీలం గౌను అన్నారు. రెండు జడల్లో ఒకటి ఊడిపోయి ఉందన్నారు. బడినుంచి వచ్చేసరికి పాప జడల్లో ఒకటి ఊడకుండా ఉన్న రోజు లేదు. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు.

జనం వెళ్లాక అద్దానికి ముక్కు ఆనించి చూసేవాడు. కుంచె గీతలు తప్ప ఏమీ లేవు. వచ్చినవాళ్లందరికీ కనిపిస్తున్న పిల్ల తనకు ఎందుకు కనిపించదు?

ఇంట్లో భార్య అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ గొణిగింది.

“ముందంతా మడత చెదరదు. వెనక అంచు మాత్రం రోజూ నలిగిపోయి వస్తుంది. ఎక్కడ నలుపుకొస్తారండీ?”

“కుర్చీలో కూర్చుంటే నలగదూ?”

“మీది నిలబడి చేసే ఉద్యోగం కదా.”

అతను ఆమె చేతులనే చూస్తూ అడిగాడు.

“పాప ఎక్కడ దాక్కునేది?”

ఇస్త్రీపెట్టె ఆగింది. ఆమె దాన్ని పక్కకు నిలబెట్టి, మడత పెట్టిన చొక్కానే మళ్లీ మడతపెట్టింది.

“ఒట్టేశానండీ,” అంది.

చివరి గదిలో జనం పెరిగారు. ఆ సందడికి మేనేజరే స్వయంగా వచ్చి చూసి, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఈ పటంలో మనుషులెవరూ లేరని పాత కాగితాల్లో స్పష్టంగా ఉందిట. ఎవరో దీనిమీద కొత్తగా రంగు పూశారు, రేపే అద్దం ఊడదీయించి, పటం దించి పరీక్షకు పంపిస్తానన్నాడు. మళ్లీ ఎప్పుడు వస్తుందని గైడు అడిగాడు. వస్తే వస్తుంది అన్నాడు.

ఆ సాయంత్రం ఆఖరి గుంపు వెళ్లిపోయింది. గైడు గుమ్మంలోనే ఉండిపోయాడు. పొద్దస్తమానం టికెట్ల గదిలోంచి కదలని టికెట్లావిడ కూడా, పోయే ముందు ఒక్కసారి చూస్తానని అతన్ని దాటుకుని లోపలికి వచ్చింది. పటం ముందు తల ఒక పక్కకు వంచి నిలబడింది.

“నిజమే అన్నా, పిల్ల ఉంది. మరి ముందున్న ఆ మనిషెవరు?”

“ఏ మనిషి?”

“తలుపులో నిలబడ్డాడే, సన్నగా. చీకట్లో మొహం తెలియడం లేదు. పిల్ల దాక్కుంది ఆయన వెనకాలే కదా.” ఆమె గొంతు తగ్గింది. “పాపం, ఆయనకు తెలిసినట్టే లేదు.”

కిటికీలు మూసి వస్తానని ఆమె వెళ్లింది.

అతను పటం దగ్గరికి నడిచాడు. కుర్చీ, తలుపు, చీకటి. మనిషి లేడు, పిల్లా లేదు. ఇక చూసేది రేపటిదాకానే అనుకుని, వెనక్కి వచ్చి అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడ్డాడు. అక్కడినుంచి అతను బొమ్మను ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ జనం వీపులే అడ్డం ఉండేవి. ఇప్పుడు ఏ అడ్డమూ లేదు. వెలుగు తగ్గి అద్దం నల్లబడింది.

సగం తెరిచిన ఆ తలుపు చీకట్లో సన్నటి మనిషి ఒకడు నిలబడి, సూటిగా అతన్నే చూస్తున్నాడు. అతను చెయ్యెత్తాడు. ఆ మనిషీ చెయ్యెత్తాడు.

అతని చొక్కా వెనక అంచు మెల్లగా బిగుసుకుంది.