వర్జ్యంలో వచ్చే మనిషి

వర్జ్యంలో ఇచ్చిన మాట చెల్లదని చట్టం వచ్చాక, మా కౌన్సిలర్ కోటిలింగం మరో వేళలో మా గడప తొక్కలేదు. గోడ మీది పంచాంగం పెట్టె వర్జ్యం మొదలైందని చెప్పిందంటే చాలు, ఆయన వీధిలో ఉంటాడు.

"వచ్చే నెలకల్లా కుళాయి నీళ్లు. నాదీ పూచీ!"

నెల పోయాక అడిగితే, "అది వర్జ్యంలో అన్న మాట కదమ్మా, గ్రహాలతో పోట్లాడతామా?" అంటాడు. వీధంతా తలూపుతుంది. నేను మళ్లీ బిందె పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడతాను.

ఈసారి ఆయన పూచీ ఇచ్చి లేవబోతుంటే, "కాఫీ తాగి వెళ్లండి అన్నయ్యా" అన్నాను. ఎన్నికల ముందు కాఫీ వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? కూర్చున్నాడు. నేను పాత డికాషన్ పారబోసి కొత్తది వేశాను. అది చుక్క చుక్కగా దిగుతోంది.

"కాస్త తొందరగా అమ్మా..."

"పలచటి కాఫీ ఇస్తే మా పరువేం కాను?"

గ్లాసు ఆయన చేతికిచ్చేసరికి పెట్టె పలికింది, వర్జ్యం ముగిసిందని.

"ఇప్పుడు చెప్పండన్నయ్యా. నీళ్లెప్పుడొస్తాయి?"

ఆయన పెట్టె వంక చూశాడు. అదే చట్టం ప్రకారం, ఇప్పుడాడే అబద్ధానికి పదవి పోతుంది.

"మీ వీధికసలు పైపే వెయ్యలేదమ్మా."

ఆయన వెళ్లగానే అత్తయ్య నా మీద విరుచుకుపడింది.

"నీకేం పోయేకాలమే? ఇన్నాళ్లూ వచ్చే నెల నీళ్లొస్తాయన్న ఆశైనా ఉండేది!"