జీబెక్ కొరికిన రొట్టె

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, టీ చల్లారేలోపు అయిపోయే కథే.

ఓష్ పట్నంలో ఒక హాస్టల్. మూడో అంతస్తులో ఐసల్కిన్, జీబెక్ ఒకే గదిలో ఉండి ఒకే కంచంలో తినేవాళ్ళు. తల్లికి జబ్బు చేసేసరికి జీబెక్ చదువు మానేసి మాస్కోకి పనికి పోయింది. వెళ్ళేనాడు గుమ్మంలో నిలబడి రొట్టె అంచు ఒక్క ముక్క కొరికింది. మిగతా రొట్టెను గేటు దగ్గర కాపలా ఉండే ముసలమ్మ గోడకు తగిలించింది. వెళ్ళిన మనిషి తిరిగొచ్చి దాన్ని తినాలని ఆచారం. అందాకా ఆమె విడిచివెళ్ళినది ఏదీ కదపకూడదు, మార్చకూడదు.

కొత్త నంబరు జీబెక్ ఎవరికీ ఇవ్వలేదు.

కానీ టెలిగ్రాములో క్లాసు గ్రూపు ఉంది. టీచరమ్మ పాఠాలు తన గొంతుతో రికార్డు చేసి అందులో పెట్టేది. ఎవరెవరు విన్నారో పేర్లు కనిపిస్తాయి. రోజూ అందరికంటే ముందు జీబెక్ పేరే. ఒక్క మాట మాత్రం రాసేది కాదు. ఐసల్కిన్‌కి ఆ పేరే తోడు. ఎదురుగా ఉన్న ఖాళీ మంచం చూస్తూ, నోట్సు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేది.

వసంతంలో టీచరమ్మ అడిగింది, ఈ గ్రూపు మీ చదువుకు పనికొస్తోందా, తీసేద్దామా అని. క్లాసు రెండుగా చీలింది. బజారులో పనిచేసుకుంటూ చదివేవాళ్ళు తమకు పాఠం అందేదే అక్కడన్నారు. క్లాసు లీడరు బకిత్ ఒప్పుకోలేదు.

"అన్నం తింటున్నా టీచరమ్మ పక్కనే కూర్చున్నట్టుంది. పాఠం క్లాసులో చాలు. అయినా ఐసల్కిన్, నీకు గ్రూపు చదువుకోడానికా, వెళ్ళిపోయినదాని పేరు చూసుకోడానికా?"

"రెండింటికీ" అంది ఐసల్కిన్.

సాయంత్రం ఆరు దాకా ఓట్లు. ఉంచాలంటే బొటనవేలు బొమ్మ నొక్కాలి. ఉంచాలని పన్నెండు, తీసేయాలని పన్నెండు అయ్యాయి. ఇంకో రెండు నిమిషాలున్నాయనగా పదమూడో బొటనవేలు లేచింది. పక్కన జీబెక్ పేరు.

ఐసల్కిన్ మెట్లన్నీ పరుగున దిగివచ్చి ముసలమ్మను కావలించుకుంది.

"అపా, అది వింటోంది. ఇంకా మాతోనే చదువుతోంది. వచ్చేస్తుంది, చూస్తూ ఉండు."

ముసలమ్మ గోడమీది రొట్టెకేసి ఒకసారి చూసి, టీ పోసింది.

బాగా గుర్తుపెట్టుకో తల్లీ, నాకైతే నోరు రాలేదు, నా తర్వాత ఐసల్కిన్‌కి నువ్వైనా చెప్పు: జీబెక్ ఆ రొట్టెతోపాటు తన పాత ఫోను కూడా నాకే ఇచ్చిపోయింది, అందులో దాని పేరు నేను మార్చలేదు, ఈ గేటు దగ్గర ఒక్కదాన్నే కూర్చుని రోజూ ఆ పాఠాలు వింటున్నది నేనే.