దేవుడు ఆపిన కారు

వెనక సీట్లో కోర్కు ఊపిరందక ఎగరొప్పుతున్నాడు. హో పట్నం ఆసుపత్రికి గంట దారి. ఇవాళ శనివారం, మా వైపు దినాలు జరిపే రోజు కదా, ఊళ్ళో బళ్ళన్నీ వాటికే పోయాయి. మిగిలింది పదకొండేళ్ళుగా కదలని అతని పాత ప్యూజో కారు ఒక్కటే.

కదలనివ్వనిది ఈ ఊరి పాస్టరునైన నేనే. వేరొకామె కోసం అతను ఇల్లొదిలి బయల్దేరిన పొద్దున ఇది ఆగిపోయింది. “తన జనాన్ని తరిమిన ఫరో రాజు రథచక్రాలు ఊడగొట్టిన దేవుడే దీన్నీ ఆపాడు, ఎవరూ ముట్టొద్దు!” అని చర్చిలో గర్జించాను.

ఇవాళ నేనే బ్యాటరీ మార్చి, కొత్త పెట్రోలు పోశాను. కార్బురేటర్లో నేరుగా నాలుగు చుక్కలు వేస్తే ఇంజను దగ్గి ఆగింది. అంటే ట్యాంకు నుంచి పెట్రోలు రావట్లేదు.

“ప్రార్థన చెయ్యండయ్యగారూ,” అంది అతని భార్య యావా.

“చేస్తూనే ఉన్నానమ్మా, ఇంజనులాగే అదీ అందుకోవట్లేదు!”

కారు కిందికి దూరి ట్యాంకు గొట్టం ఊడదీసి, తీగతో లాగితే గుడ్డముక్క వచ్చింది. యావా తలగుడ్డది.

“ఈయన పోకుండా నేనే కుక్కానయ్యగారూ. మీరు దేవుడే ఆపాడన్నాక చెప్పడానికి నోరు రాలేదు.”

కారుతున్న పెట్రోలుకు బొటనవేలు అడ్డంపెట్టి, రెండో చేత్తో గొట్టం కోసం తడుముకున్నాను.

కోర్కు కళ్ళు తెరవకుండానే గొణిగాడు. “మూడో రోజే చూశానే, పిచ్చిదానా. తీసి, మళ్ళీ నేనే కుక్కాను. ఉండిపోవడానికి నాకూ ఓ సాకు కావాలిగా.”