ఆదివారం ఎలుగుబంటి

టీవీలో ఎలుగుబంటి జాడీలో చెయ్యి ఇరికించుకొని ఇల్లంతా పరుగెడుతుంటే, బాలనర్సింహకు ఈసారి నవ్వు రాలేదు.

నాలుగు రోజుల కిందట అతని చెయ్యి కూడా అలాగే మామిడికాయ తొక్కు జాడీలో ఇరుక్కుంది. భార్య అడిగిందని అడుగున మిగిలిన తొక్కు కోసం చెయ్యి పెట్టాడు, మణికట్టు దగ్గర ఆగిపోయింది. చివరికి జాడీ పగలగొట్టారు.

టీవీలోనూ జాడీ పగిలింది.

ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి తెలుగులో వచ్చే ఆ బొమ్మల సీరియల్ పేరు ‘బుంగయ్య సంసారం’. బుంగయ్య లావుపాటి ఎలుగుబంటి. గుబురు మీసం. గొప్పలు కొండంత, తెలివి గోరంత. ఇబ్రహీంపట్నంలో పిల్లలూ పెద్దలూ అందరూ చూస్తారు. మొన్నమొన్నటిదాకా అందరికంటే గట్టిగా నవ్వింది బాలనర్సింహే.

రెండు వారాల కిందట మొదలైంది పీడ. ట్యాంకు మూత సరిచేయమని భార్య మనోజ అంటే నిచ్చెనెక్కాడు. మెట్టు విరిగి పక్కింటి కాశయ్య కుడితి గోళెంలో పడ్డాడు. ఆదివారం బుంగయ్య కూడా నిచ్చెన మీంచి పక్కింటి తొట్టిలో పడ్డాడు. మరుసటి వారం మనోజ కలిపిచ్చిన రంగు బాలనర్సింహ మీసానికేస్తే ఎర్రగా తేలింది. ఆదివారం బుంగయ్య మీసం ఎర్రగా తేలింది. ఇప్పుడు జాడీ.

ఔటర్ రింగు రోడ్డు మాట పుట్టినప్పటి నుంచి బాలనర్సింహ ప్లాట్లు చూపిస్తున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, రెండు సెల్లులు. ఆ ఊపులోనే మనోజ చేత బడిలో టీచరు ఉద్యోగం మాన్పించాడు. “నా పెండ్లాం నౌకరి చేసుడేంది?” అన్నాడు. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

అంతటి మనిషిని ఇప్పుడు హోటల్ దగ్గర “బుంగన్నా, చాయ్ తాగుతవా?” అని పిలుస్తున్నారు. ప్లాటు చూడ్డానికొచ్చిన భార్యాభర్తలు ప్లాటు వదిలేసి అతని మీసమే చూశారు.

నిచ్చెన మీంచి పడటం కాశయ్య చూశాడు. మీసం ఊరంతా చూసింది. జాడీ సంగతి మాత్రం ఇంట్లో ఇద్దరికే తెలుసు.

“ఇంట్ల ముచ్చట టీవీవోళ్లకెట్ల పోతున్నది?” అని గద్దించాడు.

“నేనెవ్వరికీ చెప్పలే. మైసమ్మ మీద ఒట్టు,” అంది మనోజ.

“మరి ఆళ్లకు కల పడ్డదా?”

“గంత అనుమానముంటే పోయి ఆళ్లనే అడుగు.”

శనివారం పొద్దున్నే బస్సెక్కాడు. కృష్ణానగర్‌లో నలుగురిని అడిగి ఆ బొమ్మల సీరియల్ డబ్బింగ్ స్టూడియో పట్టుకున్నాడు. సీరియల్‌కు తెలుగు మాటలు రాసే వసంతలక్ష్మి బయటికొచ్చింది.

“నా మీసం సంగతి నీకెవరు చెప్పిన్రు?” అన్నాడు.

ఆమె మీసం వైపు చూసింది. చివర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

“నాకెవరూ చెప్పలేదండీ. కథ మాది కాదు, మాటలు మాత్రమే మావి. ఈ బొమ్మలు అమెరికాలో గీసి నలభై ఏళ్లు దాటింది. మీ వయసెంతండీ?”

“ముప్పై ఎనిమిది.”

“అయితే మీరు పుట్టకముందేనండీ.”

నమ్మడేమోనని పాత టేపు పెట్టి చూపించింది. ఇంగ్లీషులో అరుస్తూ అదే ఎలుగుబంటి అదే తొట్టిలో పడింది. బాలనర్సింహ నిలబడే చూశాడు. కోపం దిగిపోయింది. బస్సు ఇబ్రహీంపట్నం దగ్గరికి వచ్చేసరికి దాని స్థానంలో కాస్త గర్వం కూడా చేరింది. అమెరికావాళ్లు కూడా తనలాంటి మనిషినే ఊహించుకున్నారన్నమాట!

ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగు. వస్తూనే మనోజ చేతులు పట్టుకున్నాడు.

“తప్పైంది. నిన్ను ఉత్తగనే అనుమానించిన. గది మనం పుట్టకముందు తీసిందట. ఇగ నుంచి నువ్వెట్ల చెప్తే గట్ల. బడికి పోతనంటే పో.”

“నిజంగనా?”

“అవ్. నా మాట మాటే.”

“అయితే సోమవారం నుంచి పోత.” కళ్లు తుడుచుకుంది. “ఇప్పుడే వేపచెట్టుకు ఉయ్యాల కట్టుకుందాం. నువ్వు కూసుందువు గాని. జర తాడు తీస్కరా.”

“లావుదా?”

“ఎందుకు, సన్నది సాలు.”

పెండ్లాం కోరక కోరక ఒకటి కోరిందని అతను చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా కొట్టుకు పరుగెత్తాడు.

అతను సందు మలుపు తిరిగాక మనోజ, తెలుగులో రావడానికి వారం ముందే ఇంగ్లీషు ఛానెల్లో వచ్చే బుంగయ్యను ఆ మధ్యాహ్నం చూస్తూ రాసుకున్న చీటీ తీసి, ‘సన్న తాడు’ అన్నచోట టిక్కు పెట్టి, దాని కింద ‘బురద’ అని ఉండటం చూసి, రెండు బకెట్ల నీళ్లతో వేపచెట్టు కిందికి నడిచింది.